డాక్టరు చెయ్యి వేసి చూసేటప్పుడు: పేషెంట్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ఒంగోలు ఆస్పత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేసినదాన్ని. ఓపీలో, వార్డులో, కాన్పుల గదిలో ఆడవాళ్ళు నా చెవి దగ్గరకొచ్చి అడిగినవీ, ఇప్పుడు పొదుపు సంఘం మీటింగుల్లో అడుగుతున్నవీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. డాక్టర్లంటే పడక రాస్తున్నది కాదు. చెయ్యి పెట్టి చూడకుండా వైద్యం లేదు. కాకపోతే ఆ చెయ్యి ముందు చెప్పి, అడిగి, జబ్బుకి కావలసినంత మేరకే పడాలి. నేను చెప్పదలుచుకున్నది అంతే, మిగతాదంతా దాని వివరమే.

కడుపులో నొప్పి అంటే డాక్టరు ఎందుకు నొక్కి చూడాలి? స్కానింగ్ రాస్తే సరిపోదా?

సరిపోదు. కుడివైపు పొత్తికడుపు మెల్లగా నొక్కి, ఠక్కున చెయ్యి తీసినప్పుడు నొప్పి ఎక్కువైతే అపెండిక్స్ వాచి ఉండొచ్చని అనుమానిస్తారు. గజ్జల్లో చెయ్యి పెట్టి దగ్గమన్నారంటే హెర్నియా కోసం. రొమ్ములో గడ్డ అని వెళ్తే చంకలో కూడా వేళ్ళు పెట్టి చూస్తారు, ఎందుకంటే రొమ్ము క్యాన్సర్ మొదట పాకేది ఎక్కువగా చంకలోని బిళ్ళలకే. షుగర్ ఉన్నవాళ్ళకి అరికాళ్ళు తాకి స్పర్శ ఉందో లేదో చూడాలి, చూడని డాక్టరే తప్పు చేస్తున్నట్టు. థైరాయిడ్ చూసేటప్పుడైతే చాలామంది డాక్టర్లు మీ వెనక నిలబడి రెండు చేతులూ మెడ మీద పెట్టి గుటక మింగమంటారు. అది మామూలు పద్ధతే, కానీ ముందు ఒక్క మాట చెప్పకుండా వెనక నుంచి మెడ పట్టుకుంటే ఏ ఆడపిల్లయినా ఉలిక్కిపడుతుంది, అందులో ఆ పిల్ల తప్పేమీ లేదు.

అసలు స్టెతస్కోపు పుట్టిందే ఈ మొహమాటంలోంచి. 1816లో పారిస్‌లో లెనెక్ అనే డాక్టరు దగ్గరికి గుండె జబ్బుతో ఒక యువతి వచ్చింది. అప్పటి అలవాటు ప్రకారం ఆమె ఛాతీకి చెవి ఆనించి వినాలి. అది పద్ధతిగా తోచక ఆయన కాగితాలు గొట్టంలా చుట్టి ఒక కొస ఆమె గుండె మీద, ఇంకో కొస తన చెవికి పెట్టుకున్నాడు, చెవి ఆనించి విన్నదానికంటే బాగా వినపడింది. మర్యాద చూసుకుంటూ కూర్చుంటే వైద్యం ఎట్లా జరుగుతుంది అని అడిగే జూనియర్ డాక్టర్లకి నేను ఎప్పుడూ చెప్పే సంగతి ఇదే.

ఏది అవసరమైన పరీక్షో, ఏది కాదో చదువుకోని మాకు ఎట్లా తెలుస్తుంది?

డాక్టరు చదువు చదవనక్కర్లేదు. "ఎందుకు సార్?" అని అడిగితే జవాబు వస్తుందా రాదా, అది చూడండి. పద్ధతి తెలిసిన డాక్టరు ముందు చెప్తాడు, "అమ్మా, కడుపు నొక్కి చూడాలి, చీర కుచ్చిళ్ళు కొంచెం కిందికి జరుపుకోండి" అని. మీరే జరుపుకుంటారు, ఆయన జరపడు. చూడాల్సిన చోటు తప్ప మిగతాదంతా దుప్పటో గుడ్డో కప్పి ఉంటుంది. మీరు బట్టలు మార్చుకునేటప్పుడు ఆయన తెర అవతల ఉంటాడు. యోనిలో గానీ మలద్వారంలో గానీ వేలు పెట్టి చూసే పరీక్ష అయితే చేతికి గ్లౌజు ఉండి తీరాలి, అందులో మినహాయింపు లేదు. చూడటం అయిపోగానే చెయ్యి తీసేస్తాడు, తర్వాత మాట్లాడేదంతా మీరు లేచి బట్టలు సర్దుకుని కూర్చున్నాకే.

ఇవి తప్పినప్పుడు మనసు గట్టిగా ఏదో చెప్తుంది, దాన్ని నమ్మండి. గొంతు నొప్పికి వెళ్తే జాకెట్టు మొత్తం తీయమనడం, పక్కనున్న సిస్టర్ని పదేపదే ఏదో తెమ్మని బయటికి పంపడం, తలుపు గడియ పెట్టడం, అక్కర్లేని మాటలు, అంటే మీ ఒంటి గురించి, అందం గురించి, జబ్బుకి సంబంధం లేకుండా మొగుడితో కాపురం ఎట్లా ఉందనీ అడగడం, అదే పరీక్ష కారణం చెప్పకుండా వెళ్ళిన ప్రతిసారీ చేయడం. వీటిలో ఏ ఒక్కటి కనపడినా "ఆగండి సార్" అనొచ్చు. పరీక్ష సగంలో ఉన్నా సరే. మొదట ఒప్పుకున్నాం కాబట్టి చివరిదాకా ఓర్చుకోవాలన్న రూలు ఎక్కడా లేదు.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, నెలసరి గురించి, కలయికలో నొప్పి గురించి, ఇంతకుముందు గర్భం పోయిందా అనీ అడగడం చాలా జబ్బుల్లో అవసరమే. ప్రశ్న సిగ్గు తెప్పించేదే అయినా అది జబ్బు గురించి అడుగుతున్నాడో, సరదాకి అడుగుతున్నాడో గొంతులోనే తెలిసిపోతుంది.

మగ డాక్టరు చూసేటప్పుడు పక్కన ఆడమనిషి ఉండాలని అడిగే హక్కు మాకుందా?

ఉంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రాన్ని కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో రాష్ట్రాలకు పంపింది. మగ డాక్టరు ఆడ పేషెంటు ఒళ్ళు పరీక్ష చేసేటప్పుడు ఇంకో ఆడమనిషి అక్కడ ఉండాలని అందులో రాసుంది. అది సిస్టర్ కావచ్చు, ఆయమ్మ కావచ్చు, మీతో వచ్చిన అమ్మో వదినో కావచ్చు.

అడగడానికి నోరు రావట్లేదంటారు చాలామంది. గొడవ పడాల్సిన పని లేదు, "సార్, సిస్టర్ని కూడా పిలవండి, నాకు ధైర్యంగా ఉంటుంది" అంటే చాలు. మంచి డాక్టరుకు ఇది కోపం తెప్పించదు సరికదా ఆయనకూ రక్షణే. "నా మీద నమ్మకం లేకపోతే వేరే డాక్టర్ని చూసుకో" అని విసుక్కునేవాడి దగ్గర్నుంచి నిజంగానే లేచి రండి. గుండె నొప్పో, రక్తం పోవడమో అయితే మాత్రం మనిషి కోసం ఆగకండి, ప్రాణం ముందు.

ఇంట్లోవాళ్ళని కాసేపు బయటికి పంపమని డాక్టరు అడిగితే వెంటనే అనుమానపడొద్దు. ఇంట్లో కొడుతున్నారా, పెళ్ళికాని పిల్లకి గర్భమా, ఇట్లాంటివి అత్తగారి ముందు ఎవరు చెప్తారు? అది మాట్లాడటం వరకే. ఒంటి మీద చెయ్యి పెట్టే టైముకి సిస్టర్ లోపల ఉండాలి.

ఆడ డాక్టరే చూడాలని పట్టుబట్టొచ్చా?

అడగొచ్చు. నెల్లూరు, ఒంగోలు టౌన్లలో అయితే ఇబ్బంది లేదు. ఉదయగిరి, గిద్దలూరు పక్క పల్లెల్లో ఆ పూటకి ఒక్కరే డాక్టరు ఉంటారు, అప్పుడు పక్కన ఆడమనిషితో చూపించుకోవడమో, ఎమర్జెన్సీ కాకపోతే ఆడ డాక్టరు ఉండే రోజు కనుక్కుని రావడమో మీ ఇష్టం. ఆడ డాక్టరు దొరకలేదని రొమ్ములో గడ్డని ఏడాదిపాటు దాచుకోవడం మాత్రం చెయ్యొద్దు.

ఈసీజీ తీసేవాళ్ళు, స్కానింగ్ చేసేవాళ్ళు డాక్టర్లు కూడా కాదు కదా, వాళ్ళ ముందు బట్టలు తీయాలా?

అసలు గొడవలు ఎక్కువ వచ్చేది ఇక్కడే, ఎందుకంటే టెక్నీషియన్ ఏమీ చెప్పడు, "హుక్కులు తియ్" అంటాడంతే. ఈసీజీకి ఛాతీ మీద ఆరు చోట్ల లీడ్లు పెట్టాలి, కొన్ని ఎడమ రొమ్ము కిందకి వస్తాయి. కాబట్టి జాకెట్టు హుక్కులు తీయడం అవసరమే, కానీ పైన గుడ్డ కప్పి పెట్టొచ్చు. రొమ్మును పక్కకి జరపాల్సి వస్తే ఆ పని మీరే చేతితో చేసుకోవచ్చు, లేదా ఆడ టెక్నీషియన్ని అడగొచ్చు. ఎకో పరీక్షకి ఎడమవైపు తిరిగి పడుకోవాలి, గుండె మీద జెల్లు పూసి కాసేపు చూస్తారు, ఈసీజీ కంటే టైము పడుతుంది, దానికి కంగారు వద్దు.

కడుపు మీద నుంచి చేసే స్కానింగ్ వేరు, లోపల నుంచి చేసే స్కానింగ్ వేరు. గర్భసంచి, అండాశయాలు సరిగ్గా కనపడాలంటే సన్నటి గొట్టం లాంటి ప్రోబుకి కొత్త కండోమ్ తొడిగి యోనిలో పెట్టి చూడాల్సి వస్తుంది. పనికొచ్చే పరీక్షే. అయితే ఇది ముందు చెప్పకుండా, మీరు సరే అనకుండా చేయకూడదు. పెళ్ళికాని పిల్లలకి సాధారణంగా కడుపు నిండా నీళ్ళు తాగించి పైనుంచే చేస్తారు. బల్ల మీద పడుకోబెట్టాక "కాళ్ళు మడువు" అని చెప్పడం చెప్పినట్టు కాదు. గదిలో ఫోను పట్టుకుని నిలబడినవాడు ఎవరైనా ఉంటే ముందు ఫోను పక్కన పెట్టమనండి.

కాగితం మీద సంతకం పెట్టేశాం కదా, ఇక ఏం చేసినా మాట్లాడకూడదా?

దేనికి సంతకం పెట్టారో దానికే. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చి చెప్పింది. లోపల ఏముందో చూసే పరీక్షకి ఆమె ఒప్పుకుంది, మత్తులో ఉండగా బయటున్న తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. పరీక్షకి ఇచ్చిన ఒప్పుదల ఆపరేషన్‌కి పనికిరాదనీ, ప్రాణాపాయం లేనప్పుడు, వయసొచ్చిన ఆడమనిషి బదులు తల్లి ఒప్పుకుంటే చెల్లదనీ కోర్టు చెప్పింది. గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనది ముందుంటుంది. మొగుడి సంతకం తీసుకుని ఆమెకు ఒక్క మాట చెప్పకుండా బల్ల ఎక్కించడం మన దగ్గర మామూలైపోయింది. ఒళ్ళు ఆమెది, అడగాల్సింది ఆమెను.

కాన్పుల గదిలో తొడ మీద కొట్టారు, బూతులు తిట్టారు. అది కూడా దీని కిందికి వస్తుందా?

వస్తుంది. నొప్పులు పడుతున్న మనిషిని కొట్టడానికి వైద్యంలో ఏ కారణమూ లేదు. "కాపురం చేసేటప్పుడు తెలియలేదా" అనే మాట నేను ఎన్ని నోళ్ళలో విన్నానో, ఆడవాళ్ళ నోళ్ళలోనే, అందులో నాతో పనిచేసినవాళ్ళూ ఉన్నారు. పని ఒత్తిడి నాకు తెలుసు, ఒక్క సిస్టర్ మీద ఎంతమంది కాన్పులు పడతాయో తెలుసు. అయినా ఆ మాటకి, ఆ దెబ్బకి సమర్థన లేదు. కాన్పు గదిలో తోడుగా ఒక ఆడమనిషిని ఉంచుకోవచ్చని కేంద్ర ప్రభుత్వం 2016లోనే చెప్పింది, 2017లో కాన్పు గదుల కోసం మొదలైన లక్ష్య కార్యక్రమంలో గౌరవంగా కాన్పు చేయడం కూడా ఒక భాగం. సర్కారు ఆస్పత్రిలో "తోడు ఉంటాను" అని అమ్మ అడిగితే ఆ అడగడం తప్పు కాదు.

లోపల వేళ్ళు పెట్టి చూసే పరీక్ష గంటగంటకీ, వచ్చిన ప్రతివాళ్ళూ చేయకూడదు. కాన్పు మామూలుగా సాగుతుంటే నాలుగు గంటలకొకసారి చాలు, అంతకంటే ఎక్కువైతే సూక్ష్మక్రిములు చేరే ప్రమాదం ఉంది.

పెద్దాస్పత్రిలో పది మంది స్టూడెంట్లు మంచం చుట్టూ నిలబడి ఒకరి తర్వాత ఒకరు చెయ్యి పెట్టి చూస్తారు. వద్దనొచ్చా?

అనొచ్చు, వద్దన్నందుకు వైద్యం ఆపకూడదు. రేపటి డాక్టర్లు ఎక్కడో ఒకచోట నేర్చుకోవాలి కాబట్టి, అడిగితే చాలామంది పేషెంట్లు సరే అంటారు, వాళ్ళది పెద్ద మనసు. అడగకపోవడమే తప్పు. 2019 నుంచి ఎంబీబీఎస్ పాఠాల్లో పేషెంటుతో ఎట్లా మసలుకోవాలో, ఎట్లా మాట్లాడాలో నేర్పే భాగం కూడా చేర్చారు. "ఒక్కరు చూడండి బాబూ, అందరూ వద్దు" అనే పెద్దావిడ మాటకి ప్రొఫెసర్ తల ఊపితే ఆ పిల్లలు అక్కడే సగం పాఠం నేర్చుకున్నట్టు.

చిన్నపిల్లల్ని చూపించేటప్పుడు ఏం గమనించాలి?

మీరు గదిలోనే ఉండండి, ఇందులో మొహమాటం అనవసరం. బట్టలు తీయాల్సి వస్తే మీరే తీయండి. "డాక్టరు తాత ఇక్కడ చూస్తాడు, అమ్మ ఉంది కాబట్టి, జ్వరం కాబట్టి" అని పిల్లకి చెప్పండి. పదేళ్ళు దాటిన పిల్లని మీరే కాదు, డాక్టరు కూడా "చూడొచ్చా?" అని అడగాలి.

ఆస్పత్రి సిబ్బందే పిల్లల మీద లైంగికంగా చెయ్యి వేస్తే 2012 పోక్సో చట్టం దాన్ని తీవ్రమైన నేరంగా లెక్కేస్తుంది, తక్కువలో తక్కువ 5 ఏళ్ళ జైలు. సంగతి తెలిసి కూడా పోలీసులకి చెప్పకపోవడం కూడా ఆ చట్టం కింద నేరమే, అది ఆస్పత్రి మేనేజ్‌మెంట్‌కీ వర్తిస్తుంది. అట్లాంటి కేసులో ఆడపిల్లని పరీక్ష చేయాల్సింది ఆడ డాక్టరే, తల్లిదండ్రులో, పిల్ల నమ్మే మనిషో పక్కన ఉండగా. పిల్లల కోసం ఫోను 1098.

మగవాళ్ళకి ఈ ఇబ్బంది ఉండదా?

ఎందుకు ఉండదు. పైల్స్‌కి, ప్రోస్టేట్‌కి, వరిబీజానికి చూపించుకునే పెద్దమనుషులు సిగ్గుతో చచ్చిపోతారు, తెర కూడా లేకుండా వార్డు మధ్యలో పంచె ఊడదీయిస్తే వాళ్ళ పరువు పరువు కాదా? మగవాడివి నీకేంటి అనే మాట వాళ్ళ దగ్గర ఎంత ఎక్కువ అంటారో. వాళ్ళకీ అదే నియమం, తెర, గ్లౌజు, ముందు మాట. మగపిల్లల మీద చెయ్యి వేసినా పోక్సో వర్తిస్తుంది.

మా ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు ఇంటికే వచ్చి సూది వేస్తాడు. ఆయన మీద ఎవరికి చెప్పాలి?

ఈ ప్రశ్న పల్లెల్లో ఎక్కువ. ఊరి ఆర్‌ఎంపీకి మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండదు, కాబట్టి కౌన్సిల్ ఆయన పేరు తీసేయడానికి అక్కడ పేరే లేదు. రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేయడమే 2019 జాతీయ మెడికల్ కమిషన్ చట్టం కింద నేరం, ఏడాది వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. ఆయన చెయ్యి తప్పుగా పడితే పోలీసు స్టేషన్‌కీ, జిల్లా వైద్యాధికారి ఆఫీసుకీ వెళ్ళాలి.

అర్ధరాత్రి జ్వరమొస్తే తలుపు కొడితే వచ్చేది ఆయనే అన్నది నిజం, అందుకే ఊరు ఆయన మీద నోరెత్తదు. అయినా నడుముకి వేసే సూదిని జబ్బకి వేయించుకోవచ్చా అని అడగండి, చాలా సూదులు జబ్బకీ వేయొచ్చు. ఒంటరిగా ఉన్నప్పుడు లోపలికి పిలవకండి, వరండాలో కూర్చోబెట్టండి. ఏఎన్ఎం, ఆశా అమ్మాయి ఊళ్ళో ఉన్నారు, ఆడపిల్లల సంగతులు ముందు వాళ్ళకి చెప్పండి.

ధైర్యం చెప్తూ భుజం మీద చెయ్యి వేస్తే అది కూడా తప్పేనా?

కాదు. క్యాన్సర్ అని చెప్పేటప్పుడు చెయ్యి పట్టుకున్న డాక్టర్లని చూశాను, ఆ చెయ్యి మందుకంటే ఎక్కువ పనిచేస్తుంది. పెద్దావిడ కన్నీళ్ళు పెట్టుకుంటే భుజం తట్టడం మన దగ్గర సహజం. నలుగురిలో ఉండగా కూడా చేయగలిగినదా, మీరు కొంచెం వెనక్కి జరిగితే ఆయన వెంటనే చెయ్యి తీశాడా, ఈ రెండూ చూసుకుంటే చాలు. వీపు మీద నిమరడం, బుగ్గ గిల్లడం, నడుము పట్టి గదిలోకి నడిపించడం ఓదార్పు కాదు.

మనం కూడా ఇచ్చే తావులో ఇవ్వాలి. ఆపరేషన్ బాగా జరిగిందని ఒక డబ్బా మలైకాజా తీసుకెళ్ళి ఇవ్వడం మన నెల్లూరు మర్యాద, అందులో ఏమీ లేదు. ఉంగరమో, డబ్బు కవరో అయితే డాక్టరే వద్దనాలి.

డాక్టరు రాత్రిపూట వాట్సాప్‌లో మెసేజీలు పెడుతున్నాడు. ఇద్దరికీ ఇష్టమైతే తప్పేముంది?

రిపోర్టులు పంపమన్నాడు, మందు మార్చాడు, అంతవరకు సరే. "తిన్నావా", "డీపీ బాగుంది" దగ్గర మొదలైతే అది వైద్యం కాదు.

ఇష్టం సంగతికొస్తే, మీ ఒంట్లో ఏముందో, మీ ఇంట్లో ఏముందో ఆయనకి అన్నీ తెలుసు, ఆయన గురించి మీకు బోర్డు మీద డిగ్రీలు తప్ప ఏమీ తెలియవు. నొప్పిలో ఉన్నప్పుడు, ముఖ్యంగా మనసు బాగాలేక సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళినప్పుడు, మన బాధ విన్న మనిషి మీద మమకారం పుడుతుంది. అది పేషెంటు తప్పు కాదు, దాన్ని వాడుకోవడం డాక్టరు తప్పు. హిపోక్రటిస్ ప్రమాణంలోనే, అంటే రెండు వేల ఏళ్ళకు ముందే, ఏ ఇంటికి వెళ్ళినా ఆడవాళ్ళతో గానీ మగవాళ్ళతో గానీ, బానిసలతో అయినా సరే, అట్లాంటి సంబంధం పెట్టుకోనని ఉంది. మన దేశంలో డాక్టర్ల నడవడిక మీద 2002లో వచ్చిన నియమాలు పేషెంటుతో అనుచిత సంబంధం పెట్టుకోవడాన్ని వృత్తి దుర్వినియోగం అని, చర్య తీసుకోవచ్చని చెప్తున్నాయి. 2023లో కొత్త నియమాలు తెచ్చి అదే ఆగస్టులో ఆపేశారు కాబట్టి ఆ 2002వే నడుస్తున్నాయి. ఆస్పత్రిలో ఉన్న పేషెంటుని తన హోదా వాడుకుని లొంగదీసుకుంటే, ఆమె ఒప్పుకుందన్నా సరే, భారతీయ న్యాయ సంహిత, అంటే పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టం, 68వ సెక్షన్ కింద 5 నుంచి 10 ఏళ్ళ జైలు.

ఫోటో పంపమంటే ముఖం కనపడకుండా, జబ్బు ఉన్న చోటు మాత్రమే పంపండి. పేషెంటు ఫోటోలు తప్పుగా వాడితే వృత్తిపరమైన నేరమని 2020 టెలిమెడిసిన్ నియమాలు చెప్తున్నాయి.

మమ్మల్ని అసలు ముట్టుకోరు. దూరం నుంచే చూసి చీటీ రాసిస్తారు. దాని గురించి ఎవరూ మాట్లాడరెందుకు?

ఈ ప్రశ్న అడిగింది ఒక యానాది ఆవిడ, అప్పుడు మీటింగులో అందరూ నోరు మూసుకున్నారు. ఎక్కువ ముట్టుకున్న డాక్టరు గురించి ఇంత మాట్లాడుతున్నాం, బట్టలు మాసి ఉన్నాయని, చేపల వాసన వస్తుందని, కులం తెలిసిందని చెయ్యి వేయని డాక్టరు చేసేది కూడా హద్దు దాటడమే. ఆమె కడుపు నొక్కి చూడలేదు, కాబట్టి ఆమె జబ్బు తెలియలేదు. స్టెతస్కోపు చీర పైనుంచి తగిలీ తగలకుండా పెట్టి తీసేస్తే ఊపిరితిత్తుల చప్పుడు ఏం వినపడుతుంది?

హెచ్ఐవీ ఉన్నవాళ్ళ సంగతీ ఇదే. చీటీ మీద ఎర్ర సిరాతో గుర్తు పెట్టి, వాళ్ళని చివర్న కూర్చోబెట్టి, ఆపరేషన్‌కి వేరే ఊరు పంపేవాళ్ళు. 2017 హెచ్ఐవీ చట్టం వైద్యంలో ఈ వివక్షని నిషేధించింది. ముట్టుకుంటే హెచ్ఐవీ రాదని అందరికంటే బాగా తెలిసినవాళ్ళే ముట్టుకోకపోతే ఊరివాళ్ళని ఏమనగలం? ఎస్సీ, ఎస్టీ అని అవమానిస్తే దానికి అట్రాసిటీ చట్టం ఉంది. "నన్ను చెయ్యి పెట్టి చూడండి సార్" అని అడగడం కూడా మీ హక్కే, అడగండి.

జరగరానిది జరిగిపోయింది. ఇప్పుడు ఏం చేయాలి?

ముందు అక్కడి నుంచి బయటికి రండి, నమ్మకమైన మనిషికి ఫోను చేయండి. ఆ రోజే, మర్చిపోకముందే, ఏం జరిగిందో వరసగా కాగితం మీద రాయండి, ఎన్నింటికి, ఏ గదిలో, ఎవరున్నారు, ఏ మాటలన్నాడు. ఓపీ చీటీ, బిల్లు, మెసేజీలు పారేయకండి. దాడి పెద్దదైతే స్నానం చేయకుండా, ఆ బట్టలు ఉతక్కుండా కాగితం సంచిలో పెట్టుకుని ఆస్పత్రికి వెళ్ళండి, ప్రైవేటైనా సర్కారుదైనా వెంటనే ఉచితంగా వైద్యం చేయాలని చట్టం. అక్కడ వేళ్ళు పెట్టి కన్యత్వం చూసే పరీక్ష చేయబోతే వద్దనండి, అట్లా చేసేవాళ్ళు తప్పు చేసినట్టేనని 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

పోలీసులు మా పరిధి కాదంటే ఒప్పుకోవద్దు, ఏ స్టేషన్లోనైనా జీరో ఎఫ్ఐఆర్ రాయాలి. మీ మాటల్ని రాసుకోవాల్సింది ఆడ పోలీసు. ఆడమనిషి మర్యాదకి భంగం కలిగేలా చెయ్యి వేస్తే న్యాయ సంహిత 74వ సెక్షన్ కింద ఏడాది నుంచి 5 ఏళ్ళ జైలు. ఆలస్యమైందని వెనక్కి తగ్గకండి, ఈ సెక్షన్‌కి కాలపరిమితి అడ్డు రాదు.

పోలీసు కేసు వేరు, డాక్టరు లైసెన్సు వేరు. లైసెన్సు సంగతి చూసేది విజయవాడలోని ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్, అక్కడికి సంతకం పెట్టి రాతపూర్వకంగా ఫిర్యాదు పంపాలి, ఆరు నెలల్లో తేల్చాలని నియమం. మీ కేసు కాగితాలు ఆస్పత్రిని అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. చాలామందికి తెలియనిది ఇంకొకటి, పది మందికి తగ్గకుండా పనిచేసే ఆస్పత్రిలో లైంగిక వేధింపుల కమిటీ ఉండాలి, 2013 చట్టం ప్రకారం అక్కడ ఉద్యోగం చేయని ఆడమనిషి, అంటే పేషెంటు కూడా మూడు నెలల్లోపు ఆ కమిటీకి చెప్పుకోవచ్చు. సర్కారు ఆస్పత్రి అయితే సూపరింటెండెంటుకి, వినకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా వకీలు ఉచితం, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఫోను 15100. మాట్లాడే మనిషి కావాలంటే 181, ప్రమాదంలో ఉంటే 112.

ఊరంతా తెలిసిపోతుందని భయం. పిల్ల పెళ్ళి కావాలి.

ఈ భయం ముందు సెక్షన్లు ఏపాటివి, నాకు తెలుసు. అత్యాచారం కేసుల్లో, పిల్లల కేసుల్లో పేరు బయటపెట్టడం నేరం, పేపర్లో వేసినా, వాట్సాప్ గ్రూపులో పెట్టినా. మీరు కేసు పెట్టను అనుకున్నా అది మీ నిర్ణయం, మిమ్మల్ని పిరికివాళ్ళని నేను అనను. పిల్లల విషయం మాత్రం వేరు, అక్కడ చెప్పక తప్పదు. పెద్దవాళ్ళ విషయంలో కనీసం ఇంట్లో ఒక్కరికి చెప్పండి, ఆ పిల్లని మళ్ళీ అదే గదికి పంపొద్దు. పిల్ల చెప్పినప్పుడు "నువ్వెందుకు ఒంటరిగా వెళ్ళావు" అనే మాట మీ నోట రాకుండా చూసుకోండి, ఆ మాట వినే చాలామంది పిల్లలు రెండోసారి చెప్పరు.

నేనే తప్పుగా అర్థం చేసుకున్నానేమో?

అది కూడా జరుగుతుంది. ముందు చెప్పకుండా చేసిన మంచి పరీక్ష కూడా తప్పుగానే తోస్తుంది. ఇంకో ఆడ డాక్టర్నో, తెలిసిన సిస్టర్నో అడగండి, "ఫలానా జబ్బుకి ఇట్లా చూస్తారా" అని. చూస్తారంటే మనసు కుదుటపడుతుంది, చూడరంటే ఏం చేయాలో పైన రాశాను. అనుమానం ఉందని అడిగినందుకు డాక్టరు పరువేమీ పోదు, నిందలు ఊరంతా పాకించకముందే అడిగితే ఇద్దరికీ మంచిది.

నేను హౌస్ సర్జన్ని, ఆడదాన్ని. పేషెంట్లూ, వాళ్ళతో వచ్చినవాళ్ళూ చేతులు వేస్తుంటే ఏం చేయాలి?

మీకూ అదే హక్కు. సూది వేసేటప్పుడు చెయ్యి పట్టుకోవడం, నైట్ డ్యూటీలో తాగొచ్చిన అటెండెంట్ మీద మీద పడటం, ఇవన్నీ ఉద్యోగంలో భాగమని సీనియర్లు చెప్తే నమ్మొద్దు. ఎమర్జెన్సీ కాకపోతే ఆగి, గట్టిగా వద్దని చెప్పి, ఇంకొకర్ని పిలిచి అప్పుడు పని సాగించండి. కేసు షీట్లో రాయండి, రాతపూర్వకంగా సూపరింటెండెంటుకి ఇవ్వండి. వైద్య సిబ్బంది మీద దాడులకి 2008లో వచ్చిన రాష్ట్ర చట్టం కింద మూడేళ్ళ వరకు జైలు ఉంది. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆస్పత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టరమ్మకి జరిగిన ఘోరం తర్వాత వైద్య సిబ్బంది భద్రత కోసం సుప్రీంకోర్టు టాస్క్‌ఫోర్స్ వేసింది, కానీ మీ వార్డులో డ్యూటీ రూముకి గడియ ఉందా, కారిడార్లో లైటు వెలుగుతుందా అన్నది ఢిల్లీ నుంచి ఎవరూ వచ్చి చూడరు. అది మీరూ, మీ సిస్టర్లూ కలిసి అడిగి వేయించుకోవాల్సిందే, అడిగినప్పుడు కాగితం మీద అడగండి, ఆఫీసులో వచ్చిన కాగితాలు రాసే ఇన్‌వార్డు రిజిస్టర్లో నంబరు వేయించుకోండి.